కుషదాసి నుంచి ఎఫెసస్: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో ఎలా వెళ్లాలి?

అందరికీ నమస్తే. అక్టోబరు మొదటి వారంలో అమ్మని తీసుకుని టర్కీ వెళ్తున్నాను. కుషదాసిలో బీచ్ దగ్గర అయిదు రాత్రులు ఉంటాం. ఏటా గుణదల తిరునాళ్లకు వెళ్లే అమ్మకి ఎఫెసస్ అనే పురాతన నగర శిథిలాల పక్కన కొండ మీదున్న మేరీమాత ఇల్లు చూడాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. అక్కడి ఊట నీళ్లు పట్టుకోవడానికి చిన్న స్టీలు సీసా ఇప్పుడే కడిగి సంచిలో పెట్టుకుంది.

ఆమెకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఎఫెసస్‌లో పై గేటు నుంచి మొదలుపెడితే సెల్సస్ లైబ్రరీ దాకా దారి పల్లమే. కానీ పక్కనున్న సెల్చుక్ ఊరికి వెళ్లే దోల్ముష్ (షేర్) వ్యాన్లు కింది గేటు వైపు రోడ్డు మీదే దింపుతాయి. అందుకే ముందు టాక్సీలో మేరీమాత ఇంటికెళ్లి, తిరిగొస్తూ పై గేటు దగ్గర దిగుదామనుకుంటున్నాను.

ఇలా వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? టాక్సీని ఆపి ఉంచడానికి ముందే రేటు మాట్లాడుకోవాలా? ఎఫెసస్‌లోని పాలరాతి వీధి నున్నగా అరిగిపోయి జారుతుందట, చేతికర్రతో నడవగలదా? అదే నా పెద్ద టెన్షన్.

ఇంకో రోజు ప్రీయెన్, మిలెటస్, దిదిమా అనే పురాతన స్థలాలు మూడూ చూడాలని నాకు ఆశ. ప్రీయెన్ కొండవాలు మీద ఉంది కాబట్టి, అమ్మతో అయితే దిదిమాలోని అపోలో గుడి ఒక్కటే మేలంటారా?