రోడ్డు ఆపితేనే పోరాటమా? మా ఊరి క్రషర్ మీద ఏం చేద్దాం?

పెన్నాగట్టు:

మాది నెల్లూరు జిల్లాలో మెట్ట ఊరు. కిలోమీటరు దూరంలో కంకర క్రషర్ నడుస్తోంది. మూడేళ్ళుగా దుమ్ము తింటున్నాం. బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా గోడల్లో కొత్త నెర్రె కనిపిస్తుంది. వినతిపత్రాలు ఇచ్చాం, సోమవారం గ్రీవెన్స్‌కి నాలుగుసార్లు వెళ్ళాం, రసీదులన్నీ దాచాం. పని మాత్రం జరగలేదు. ఇక రాస్తారోకో తప్ప దారి లేదని కుర్రాళ్ళు అంటున్నారు. వచ్చే సోమవారం హైవే మీద కూర్చుంటారట.

నేను వద్దంటున్నాను. మా అమ్మ 1992లో సారా వ్యతిరేక ఉద్యమంలో తిరిగిన మనిషి. పగలు కూలికి పోయి రాత్రి అక్షరాస్యత తరగతికి వెళ్ళేది. దూబగుంటలో రోసమ్మ గారూ తోటి ఆడవాళ్ళూ ఊళ్ళోకి సారా రానివ్వకుండా నిలబడిన సంగతి ఆ వాచకంలో పాఠంగా వచ్చింది. కూడబలుక్కుని ఆ పాఠం చదివినవాళ్ళు, మన ఊళ్ళో మనమెందుకు చేయకూడదని లేచారు. ముందు ఊరి మొదట్లో సారా ప్యాకెట్లు ఆపారు. ఒక ఊళ్ళో ఆపితే పక్క ఊళ్ళో అమ్ముతున్నారని తెలిశాక అసలు మూలం పట్టుకున్నారు. దుకాణాల వేలంపాట జరిగితేనే కాంట్రాక్టరు ఉంటాడు, కాంట్రాక్టరు ఉంటేనే ప్యాకెట్టు వస్తుంది. అందుకని పాట జరిగే చోటికే వెళ్ళి నిలబడ్డారు. పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో మా జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది.

హైవే మీద వెళ్ళే లారీ డ్రైవరు మన ఊరికి ఏ అన్యాయమూ చేయలేదు. అతన్ని ఆపితే క్రషర్ యజమానికి ఏమవుతుంది? ఇదే నా ప్రశ్న. అందరూ మీ అభిప్రాయం చెప్పండి.

నిప్పుకణిక:

అక్కా, మీ అమ్మగారంటే గౌరవమే. కానీ ఆ ఉద్యమం గురించి సగమే చెప్పారు. చీపుళ్ళూ కారప్పొడీ పట్టుకుని కాంట్రాక్టరు మనుషుల్ని తరిమారు. ప్యాకెట్లు రోడ్డు మీద పోసి తగలబెట్టారు. తాగొచ్చినవాళ్ళకి గుండు గీయించారు. భయం పుట్టింది కాబట్టే పని జరిగింది.

పొట్టి శ్రీరాములు గారి సంగతి చూడండి. 1952 అక్టోబర్ 19న దీక్ష మొదలుపెట్టి 58 రోజులు తిండి మానేశారు. ఢిల్లీ కదల్లేదు. డిసెంబర్ 15 రాత్రి ఆయన పోయాక ఊళ్ళు భగ్గుమన్నాయి, రైళ్ళు ఆగాయి. డిసెంబర్ 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. 58 రోజుల్లో రానిది నాలుగు రోజుల్లో వచ్చింది. నేను ఎవర్నీ కొట్టమనడం లేదు. రోడ్డు మీద రెండు గంటలు కూర్చుంటే టీవీ వాళ్ళు వస్తారు, ఆర్డీవో వస్తాడు. మూడేళ్ళలో మీ ఊరికి ఒక్క అధికారి వచ్చాడా?

పెన్నాగట్టు:

రాలేదు తమ్ముడూ. తహసీల్దారు ఆఫీసు నుంచి ఒకసారి ఒకాయన వచ్చి ఫొటో తీసుకుని వెళ్ళాడు, అంతే.

గుండ్ల సంగతి నేను దాచను. మా వీధిలోనూ ఒకాయనకి గుండు గీసి ఊరంతా తిప్పారు. ఆయన తాగుడు మానేశాడు. కానీ ఆయన కూతురు మా అమ్మ ఈడుదే, అప్పటి నుంచి మా అమ్మతో మాట్లాడలేదు. ఇన్నేళ్ళయినా మా అమ్మ ఆ ఒక్క విషయం చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తుంది. సారాని ఆపింది ఆ గుండు కాదని ఆమె నమ్మకం. వేలంపాట దగ్గర వందలమంది కదలకుండా కూర్చున్న రోజుల్నే ఆమె లెక్కపెడుతుంది.

శ్రీరాములు గారి విషయంలో మీరు చెప్పిన తేదీలు నిజమే. ఆ నాలుగు రోజుల్లో పోలీసు కాల్పుల్లో పోయింది మామూలు మనుషులన్నదీ నిజమే. అయినా ఒకటి ఆలోచించండి. ఆ 58 రోజులూ లేకుండా జనం ఒక రోజు రైలు ఆపి ఉంటే అది శాంతిభద్రతల కేసయ్యేది. ఏ ఊళ్ళో మనిషికైనా తన ఇంట్లో చావులా అనిపించేంతగా ఆ దీక్ష అందరినీ కలిపింది. అంత బరువు మన రెండు గంటల రాస్తారోకోకి ఎక్కడిది?

ఎర్రబస్సు:

అమ్మా, నేను తెలంగాణలో ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైరైనవాణ్ణి. బంద్ అంటే మొదట పగిలేది మా బస్సు అద్దమే. పార్టీ ఏదైనా, డిమాండ్ ఏదైనా అంతే. ఒకసారి రాస్తారోకోలో బస్సు ఇరుక్కుంది. ముందు సీట్లో ఎంట్రన్స్ పరీక్షకు పోతున్న ఆడపిల్ల. నిమిషం లేటైనా లోపలికి రానివ్వరు కదా. ఆ పిల్ల దిగి, కూర్చున్నవాళ్ళ దగ్గరికి పోయి దండం పెట్టింది. వాళ్ళూ మంచివాళ్ళే, రైతులే, నీళ్ళ కోసం కూర్చున్నారు. దారి ఇద్దామన్నా వెనకా ముందూ బండ్లు కిక్కిరిసి కదలలేని పరిస్థితి. ఆ పిల్ల పరీక్ష రాయలేదు. వాళ్ళ నీళ్ళ మాట ఆ బస్సులో ఒక్కరికీ గుర్తు లేదు. అందరికీ ఆ పిల్ల ఏడుపే గుర్తుంది.

మరి నేను పోరాటం చేయలేదా అంటే చేసిన. 2011లో తెలంగాణ రాష్ట్రం కోసం జరిగిన సకల జనుల సమ్మెలో మా బండ్లు మేమే ఆపినం. సెప్టెంబర్ 13న మొదలైన సమ్మె 42 రోజులు నడిచింది. టీచర్లు బడి ఆపారు, సింగరేణిలో బొగ్గు ఆగి కరెంటు కోతలు వచ్చాయి. జనానికి కష్టం కాలేదని నేననను. కానీ జీతం పోగొట్టుకున్నది మేము. పిల్లల ఫీజు కట్టలేక అప్పు చేసింది మేము. రోడ్డు మీద వంటా వార్పూ పెట్టినప్పుడు కూడా దారిన పోయేవాళ్ళకు విస్తరి వేసినం. మేము ఎంత పోగొట్టుకుంటున్నామో చూసి జనం మమ్మల్ని తిట్టలేదు. నా పని నేను ఆపడం వేరు, నీ పని నేను ఆపడం వేరు. నా అనుభవం అదే.

నల్లకోటు:

కోర్టుల్లో ఇరవై ఏళ్ళుగా ఇలాంటి కేసులు చూస్తున్నాను కాబట్టి చట్టం సంగతి చెబుతాను. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది. బలవంతపు బంద్‌లు చెల్లవని 1997లో కేరళ హైకోర్టు అంది, సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఢిల్లీలో రోడ్డు మీద నెలల తరబడి సాగిన షాహీన్‌బాగ్ నిరసన కేసులో 2020 అక్టోబర్ 7న సుప్రీంకోర్టు, నిరసన హక్కు ఉంది గానీ దారిని ఎంతకాలమంటే అంతకాలం ఆక్రమించకూడదంది.

కుర్రాళ్ళకి ఇది చదివి వినిపించండి. హైవే మీద కూర్చుంటే భారతీయ న్యాయ సంహితలో 126 (మనిషిని అక్రమంగా అడ్డుకోవడం), 285 (దారికి అడ్డం కలిగించడం) సెక్షన్లు పెడతారు. ఇవి చిన్నవే. తోపులాటలో ఎవరో ఒకరు కానిస్టేబుల్ చొక్కా పట్టుకుంటే 132 (విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగి మీద దాడి) వస్తుంది, అది చిన్నది కాదు. అప్పటి నుంచి ఊరు క్రషర్ సంగతి మరిచి బెయిల్ చుట్టూ తిరుగుతుంది. ఉద్యమాలు ఇలా చల్లారిపోవడం నేను చాలాసార్లు చూశాను. అవతలివాళ్ళకి కావలసింది అదే. ఆ చొక్కా పట్టుకునేవాడు ఒక్కోసారి మీ ఊరివాడు కూడా కాడు.

అనుమతి అడిగితే ఇస్తారా అంటే, ఇవ్వకపోవచ్చు. గుంపులుగా చేరకుండా ఆపే పాత 144 సెక్షన్ స్థానంలో 2024 జూలై నుంచి నాగరిక్ సురక్షా సంహిత 163 వచ్చింది, అదీ పెట్టొచ్చు. ముందురోజే ఇంటికొచ్చి బైండోవర్ చేయొచ్చు, అంటే గొడవ చేయనని పూచీకత్తు రాయించుకోవచ్చు. హైదరాబాద్‌లో ఇందిరా పార్కు ధర్నా చౌక్‌ని 2017లో మూసేస్తే, మళ్ళీ తెరవడానికి హైకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. శాంతియుతంగా అడిగినా దారులు మూస్తున్నారన్న నిప్పుకణిక కోపం నాకు అర్థమవుతుంది. అయినా మీ ఊరి పంచాయతీ స్థలంలో టెంట్ వేసుకోండి. రాతపూర్వకంగా సమాచారం ఇచ్చి, స్టేషన్‌లో ముద్ర వేయించుకున్న నకలు ఉంచుకోండి.

నిప్పుకణిక:

టెంట్ వేసుకుని కూర్చుంటే ఎవరికి పడుతుంది సార్? మా మండలంలో రిలే దీక్షల టెంట్లు ఎండకి చినిగిపోయాయి గానీ ఒక్కటీ తేలలేదు.

ఉద్దానం:

తమ్ముడూ, శ్రీకాకుళం జిల్లా సోంపేట వాళ్ళం చెబుతున్నాం విను. మా బీల భూముల్లో థర్మల్ ప్లాంటు పెడతామన్నప్పుడు 2009 డిసెంబర్‌లో టెంట్ వేశాం. ఆ బీలలో వర్షం నీరు నిలిచి పొలాలకు పారుతుంది, చేపలు దొరుకుతాయి. కాగితాల మీద అది పనికిరాని నేల. రోజుకో ఊరు, రోజుకో కులం, రోజుకో వీధి వంతులేసుకుని దీక్షలో కూర్చున్నాం. ఆ టెంట్ లోనే రైతుకీ మత్స్యకారుడికీ మాట కలిసింది. అంతకుముందు ఆ రెండు వాడలకీ పెళ్ళి భోజనాల దగ్గర కూడా పలకరింపు లేదు. 2010 జూలై 14న పోలీసులూ ప్లాంటు వైపు మనుషులూ వచ్చారు, కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ రోజు గురించి ఇక్కడ ఎక్కువ రాయలేను.

అదే నెలలో ప్లాంటు పర్యావరణ అనుమతి రద్దయింది. కాల్పుల వల్లే రద్దయిందని చాలామంది అనుకుంటారు. కానీ ఆ కేసు ముందు నుంచీ నడుస్తోంది. అది చిత్తడి నేల అని చూపించే ఫొటోలు, పంటల లెక్కలు, చేపల లెక్కలు మా వాళ్ళు నెలల తరబడి పోగుచేశారు. టెంట్ మనుషుల్ని కలిపి ఉంచింది, కాగితం అనుమతిని కొట్టింది. రెండూ కావాలి. కాగితం లేకుండా టెంట్ ఒక్కటే ఉంటే నువ్వన్నట్టు చినిగిపోతుంది.

మగ్గం చప్పుడు:

చీరాల నుంచి రాస్తున్నాను. గెలిచిన కథలే చెప్పుకుంటే లాభం లేదు, మా ఊరిది ఓడిన కథ. చీరాల, పేరాలని కలిపి మునిసిపాలిటీ చేసి పన్ను పెంచేశారు. కట్టలేమన్నవాళ్ళని జైల్లో పెట్టారు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద వేలమంది ఇళ్ళకి తాళాలేసి, హద్దు దాటి పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు. ఊరే లేకపోతే మునిసిపాలిటీ ఎవరికి? సుమారు 11 నెలలు ఎండలో, వానలో, పాకల్లో ఉన్నారు. ఒక్క రాయి కూడా విసరలేదు. చివరికి దుగ్గిరాల వారిని అరెస్టు చేశారు, డబ్బు అయిపోయింది, జనం వెనక్కి వచ్చారు.

ఎందుకు ఓడిపోయాం అని చిన్నప్పటి నుంచీ ఆలోచిస్తున్నాను. ఒక ఊరి పన్ను రాకపోతే అప్పటి సర్కారుకి పెద్ద లోటేమీ లేదు, అది ఎన్ని నెలలైనా ఆగగలదు. రోజు కూలి మీద బతికే నేతపనివాడు ఆగలేడు. అదే రోజుల్లో గుంటూరు జిల్లా పెదనందిపాడు వైపు శిస్తు కట్టనన్నప్పుడు గ్రామాధికారులు కూడా రాజీనామాలు చేశారు. వసూలు చేసే చెయ్యే లేకుండా పోయింది, సర్కారుకి నిజంగా టెన్షన్ పట్టుకుంది. చౌరీచౌరా తర్వాత గాంధీగారు ఉద్యమం ఆపమనకపోతే ఎక్కడిదాకా పోయేదో.

అందుకని పెన్నాగట్టు గారిని ఒకటి అడుగుతాను. ఆ క్రషర్‌కి రోజూ మీ ఊరి నుంచి ఏం వెళ్తోంది? అది ఆగితే ఎన్నాళ్ళు ఆగగలదు? అది ఆపినందుకు మీ ఊళ్ళో ఎవరి పొయ్యి ఆరిపోతుంది?

పెన్నాగట్టు:

మీరు అడిగిన మూడు ప్రశ్నలూ పట్టుకుని రెండు రోజులు ఊరంతా తిరిగాను. అందుకే ఆలస్యమైంది.

క్రషర్‌కి మా ఊరి నుంచి వెళ్ళేది నీళ్ళు. దుమ్ము అణచడానికి చల్లాలి, పనివాళ్ళు తాగాలి. మా రెండు బోర్ల నుంచి ఇద్దరు ట్రాక్టర్ ట్యాంకర్లతో తోలుతున్నారు. వేసవిలో మా బోర్లే అడుగంటుతుంటే ఆ నీళ్ళు అక్కడికి పోతున్నాయని ఇన్నాళ్ళూ ఎవరం గట్టిగా అనుకోలేదు. ఇంకోటి, టిప్పర్లు హైవే ఎక్కే ముందు అర కిలోమీటరు మా రైతులిద్దరి పట్టా భూమిలోంచి పోతాయి. ఏడాదికింత అని నోటిమాట మీద ఇచ్చిన దారి. కాగితం లేదు. నల్లకోటు గారూ, ఆ దారిని రైతులు తమ ఇష్టంతో ఇవ్వం అనొచ్చు కదా?

నల్లకోటు:

నోటిమాట అనుమతి అయితే ముందుగా రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉపసంహరించుకోవచ్చు. రాత్రికి రాత్రి గుంట తవ్వొద్దు. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి, గడువు ఇవ్వండి. ఆ లోపు సమాచార హక్కు కింద కాలుష్య నియంత్రణ మండలి నుంచి క్రషర్ అనుమతి నకలు, దానిలోని షరతులు తెప్పించుకోండి. నీళ్ళు చల్లడం, చుట్టూ చెట్లు పెంచడం లాంటివి షరతుల్లో మామూలుగా ఉంటాయి. చల్లకపోతే రోజూ తేదీతో ఫొటో తీయండి.

నిప్పుకణిక:

ఇది నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ క్రషర్ వాడు వేరే ఊరి నుంచి నీళ్ళు తెచ్చుకుంటే?

పెన్నాగట్టు:

తెచ్చుకోవచ్చు. అందుకే మా మహిళా సంఘం వాళ్ళు నిన్న పక్క రెండు ఊళ్ళ సంఘాలతో కూర్చున్నారు. 1992లో మా అమ్మ వాళ్ళకి తెలిసొచ్చింది కూడా ఇదే. ఒక ఊరు ఒక్కటే ఆపితే సరిపోదు. ఒక ఊరు సరేనంది. ఇంకో ఊళ్ళో సర్పంచి ఒప్పుకోలేదు, అక్కడికి మళ్ళీ వెళ్ళాలి.

కుర్రాళ్ళు రాస్తారోకో ప్రస్తుతానికి వాయిదా వేశారు. మానుకోలేదు. మీ దారిలో నెల రోజులు చూస్తాం అన్నారు. నాకు అది చాలు.

అసలు చిక్కు మగ్గం చప్పుడు గారి మూడో ప్రశ్న దగ్గరే వచ్చింది. ట్యాంకర్లు తోలేవాళ్ళలో ఒకాయనకి ట్రాక్టర్ మీద ఫైనాన్స్ ఉంది, నెలనెలా కిస్తీ కట్టాలి. నిన్న మీటింగ్‌లో ఆయన లేచి, "నేను ఆపుతాను, నా కిస్తీ ఎవరు కడతారు?" అని సూటిగా అడిగాడు. అందరూ తలలు దించుకున్నారు. ఎర్రబస్సు బాబాయ్ గారూ, మీ సమ్మె రోజుల్లో డిపోలో కష్టంలో ఉన్నవాళ్ళకి ఏం చేశారో, ఎలా పోగుచేశారో కొంచెం వివరంగా రాయండి. ఇంటికి రెండు శేర్ల బియ్యం, సంఘం పొదుపులోంచి మూడు కిస్తీలు అని మేం అనుకుంటున్నాం. రేపు సాయంత్రం మళ్ళీ కూర్చుంటున్నాం, ఆ లోపు చెబితే మీ మాట అక్కడ చదివి వినిపిస్తాను.

ఎర్రబస్సు:

రాస్తానమ్మా, ఈ రాత్రికే రాస్తా. ముందు ఒకటి గుర్తుపెట్టుకో. బియ్యం ఇచ్చేటప్పుడు నలుగురిలో పిలిచి ఇవ్వకండి. మా దగ్గర మొదటి వారం అట్లనే ఇస్తే ఇద్దరు మళ్ళా చెయ్యి చాపలేదు, ఇంట్లో పస్తులున్నారు. తెల్లారకముందే ఇంటికి చేరేసి రావాలె.