మీటింగ్‌కి వెళ్లొచ్చే టైమ్ క్యాలెండర్‌లో పెట్టాలా, వద్దా?

తిరుగుడు_ఉద్యోగం

మా టీమ్‌లో నెల రోజులుగా ఇదే గొడవ. నేను వారంలో నాలుగు రోజులు క్లయింట్ల దగ్గరికి వెళ్లాలి. ప్రతి మీటింగ్‌కీ ముందొకటి, వెనకొకటి "ప్రయాణం" అని బ్లాక్ పెట్టుకుంటాను. మా మేనేజర్‌కి అది నచ్చడం లేదు. క్యాలెండర్ ఉన్నది మీటింగులకి, దారి సంగతి ఎవరికి వాళ్లు చూసుకోవాలి, నీది తెరిస్తే ఎక్కడా ఖాళీయే కనిపించదు అంటారు. సరే అని ఒక వారం బ్లాకులన్నీ తీసేశాను. మంగళవారం 11 నుంచి 12 దాకా బయట మీటింగ్. 12కి ఖాళీ కనిపించింది కదా అని వేరే టీమ్ వాళ్లు కాల్ పెట్టేశారు. మీటింగ్ తేలేసరికే 12:06. ఆ కాల్ నేను పార్కింగ్‌లో కారు డోర్ తీసి పెట్టి, ల్యాప్‌టాప్ స్టీరింగ్‌కి ఆనించి, సగం మాట వినపడి సగం వినపడక మాట్లాడాను. అవతల ఉన్నది కొత్త క్లయింట్, మొదటిసారి మాట్లాడటం. వాళ్లు ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగారు. ఆ సాయంత్రమే బ్లాకులు మళ్లీ పెట్టేశాను. నేను చేస్తున్నది తప్పా?

డెస్క్_దగ్గరే

తప్పని అనను గానీ మీ మేనేజర్ బాధ నాకు తెలుసు. ఎనిమిది మంది క్యాలెండర్లు పక్కపక్కన పెట్టుకుని అందరికీ కుదిరే అరగంట వెతకడం నా పని. నలభై నిమిషాల దారికి "ఎందుకైనా మంచిది" అని రెండు గంటలు పెట్టేవాళ్లు ఉంటారు. అలాంటివాళ్లు ఇద్దరుంటే ఆ వారం మీటింగ్ కుదరదు.

ఇంకో సంగతి, విడిగా పెట్టిన బ్లాక్‌కి మీటింగ్‌తో సంబంధం ఉండదు. మా దగ్గర ఒకావిడకి 11 గంటల మీటింగ్ 12:30కి మారింది. ఇన్వైట్ దానంతటది కొత్త టైమ్‌కి మారింది, ఆవిడ పెట్టుకున్న 10:15 ప్రయాణం బ్లాక్ మాత్రం అక్కడే ఉండిపోయింది. ఫోన్ మోగింది, ఆవిడ బయల్దేరి వెళ్లిపోయారు. గంటన్నర రిసెప్షన్‌లో కూర్చుని వచ్చారు. ఇన్వైట్ మార్చింది నేనే కాబట్టి ఆ రోజంతా మనసు మనసులో లేదు. అందుకే నా ఓటు బ్లాకులకి కాదు, మంచి రిమైండర్‌కి.

సెట్టింగుల_మనిషి

ఆ రెండో సమస్యకి సగం మందు ఉందండి. ఆపిల్ క్యాలెండర్‌లో ఈవెంట్ లోపలే ట్రావెల్ టైమ్ అని ఒక వరుస ఉంటుంది, మ్యాక్‌లో 2013 నుంచీ ఉంది. అది ఈవెంట్‌లో భాగం కాబట్టి మీటింగ్ టైమ్ మారితే అదీ దాంతోపాటే మారుతుంది. అడ్రస్ సరిగ్గా ఇచ్చి లొకేషన్ ఆన్‌లో ఉంచితే ట్రాఫిక్ చూసి "ఇక బయల్దేరండి" అని అలర్ట్ కూడా ఇస్తుంది.

మిగతా సగం మాత్రం లేదు. అది మీటింగ్‌కి ముందు టైమే చూస్తుంది, తిరిగొచ్చే దారి దానికి పట్టదు. పైగా చాలా క్యాలెండర్ యాప్‌లు ఈవెంట్లు ఇచ్చిపుచ్చుకునే ఐక్యాలెండర్ ప్రమాణం, అంటే 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5545 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం, అందులో ఈవెంట్‌కి మొదలు, ముగింపు, స్థలం, బిజీయా ఖాళీయా అన్నవి ఉన్నాయి గానీ ప్రయాణానికంటూ గడి లేదు. ఆపిల్ తన సొంత గుర్తు ఒకటి తగిలించి పంపుతుంది. అవతలి యాప్‌కి అది తెలియకపోతే పట్టించుకోకుండా వదిలేయొచ్చు. మీ ఫోన్‌లో 10:15 నుంచి నిండుగా కనిపించేది ఇంకొకరి స్క్రీన్ మీద 11 దాకా ఖాళీగా కనిపించేది ఇందుకే. ఆఫీసులో అందరూ ఒకే యాప్ వాడకపోతే విడి బ్లాక్ తప్పదు.

గూగుల్ క్యాలెండర్‌లో 30 నిమిషాల మీటింగ్‌ని 25కి, గంట మీటింగ్‌ని 50 నిమిషాలకి కుదించే సెట్టింగ్ ఉంది కదా అని ఎవరో ఒకరు అంటారు. అది ఒక గదిలోంచి ఇంకో గదికి నడవడానికి సరిపోతుంది, రోడ్డెక్కేవాళ్లకి కాదు.

ఒక_మాట

మీటింగ్ ఇన్వైట్‌నే 10:15 నుంచి 12:45 అని పెట్టేస్తే పోదా?

సెట్టింగుల_మనిషి

పోదండి. ఆ ఇన్వైట్ అందరికీ వెళ్తుంది, క్లయింట్ కూడా 10:15కే మీ కోసం చూస్తూ కూర్చుంటారు. ఇంకొకరు పంపిన ఇన్వైట్ అయితే అందరికీ కలిపి టైమ్ మార్చే వీలు మీకు మామూలుగా ఉండనే ఉండదు.

గడప_నుంచి_గడపకి

అసలు ఎంత టైమ్ పెట్టాలన్న దగ్గరే మనం తప్పుతున్నాం. మ్యాప్ చెప్పేది రోడ్డు సంగతి. మన కుర్చీలోంచి లేచి బండి దాకా వెళ్లడం, అక్కడ పార్కింగ్ వెతకడం, గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు రాయడం, లిఫ్ట్ కోసం నిలబడటం, ఇవేవీ దాని లెక్కలోకి రావు. పైగా రేపు 10 గంటలకి వెళ్లాలంటే ఇవాళ రాత్రి 9కి మ్యాప్ తెరిచి, ఖాళీ రోడ్డు టైమ్ చూసి రాసుకుంటాం. గూగుల్ మ్యాప్స్‌లో "ఈ టైమ్‌కి చేరాలి" అని పెట్టి అడిగితే ఇంత నుంచి ఇంత అని రెండు అంకెలు ఇస్తుంది. రాసుకోవలసింది అందులో పెద్దది. మనం చిన్నదే రాసుకుంటాం.

ఇది మనుషులందరికీ ఉన్నదే. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లోనే దీనికి ప్లానింగ్ ఫాలసీ అని పేరు పెట్టారు. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో విద్యార్థులు తమ థీసిస్ సగటున 34 రోజుల్లో ముగిస్తామనుకున్నారు, పట్టింది 55 రోజుల పైనే. వెనకటిసారి ఎంత పట్టిందో గుర్తున్నా, ఈసారి మాత్రం అంతా సాఫీగా జరుగుతుందనుకుంటాం. అందుకే రెండు వారాలు కుర్చీలోంచి లేచిన టైమ్, అక్కడ కుర్చీలో కూర్చున్న టైమ్ రాసి పెట్టుకోండి. ఆ లెక్క చేతిలో ఉంటే రెండు గంటలు పెట్టుకునేవాళ్లు కూడా తగ్గిస్తారు.

తిరుగుడు_ఉద్యోగం

నిన్నటి దానికి ఇప్పుడే లెక్క వేశాను. మ్యాప్‌లో 35 నిమిషాలు, లేచిన దగ్గర్నుంచి కూర్చునేదాకా 58. అందులో గేటు, లిఫ్ట్ కలిపి పద్నాలుగు. ఇన్నాళ్లూ నేను పెడుతున్నది 45. తరచూ చెమటలు కక్కుతూ మీటింగ్‌లోకి వెళ్లడం ఎందుకో తెలిసింది.

డెస్క్_దగ్గరే

లెక్క ప్రకారం పెట్టే బ్లాక్ అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ అదంతా "బిజీ" అని ఎందుకు? దారిలో కాల్ మాట్లాడేవాళ్లు బోలెడుమంది. ఔట్‌లుక్‌లో "వేరే చోట పనిలో ఉన్నారు" అనే గుర్తు ఉంది, అది పెట్టండి, అవసరమైతే నేను అడుగుతాను.

గడప_నుంచి_గడపకి

రైల్లో వెళ్లేవాళ్లకి సరే. బండి నడిపేవాళ్లకి వద్దండి, దయచేసి. చేతులు ఖాళీగా ఉన్నా బుర్ర కాల్‌లోనే ఉంటుంది. "వినడానికే కదా" అని పెట్టిన కాల్‌లో సరిగ్గా మలుపు దగ్గరే ఎవరో మన పేరు పిలుస్తారు. నడిపేవాళ్ల బ్లాక్ బిజీ అనే ఉండాలి, దీని మీద బేరం లేదు.

డెస్క్_దగ్గరే

ఒప్పుకుంటున్నాను, నేను ఆ కోణం ఆలోచించలేదు. మరి బ్లాక్ మీద ఏం రాస్తే నాకు తెలుస్తుంది? "ప్రయాణం" అని ఒక్క మాటే ఉంటే ఏ మీటింగ్‌కి సంబంధించిందో, దేన్ని మారిస్తే దేన్ని మార్చాలో నాకెలా తెలియాలి?

తిరుగుడు_ఉద్యోగం

అది నా పొరపాటే. రేపటివి ఇప్పుడే మార్చాను: "డ్రైవింగ్, 11 గంటల మీటింగ్‌కి", "డ్రైవింగ్, 11 గంటల మీటింగ్ నుంచి". మీటింగ్ టైమ్ మార్చేవాళ్లకి కనపడేలా ఇన్వైట్‌లోనూ "ముందూ వెనకా గంట దారి ఉంది, మారిస్తే చెప్పండి" అని ఒక ముక్క చేర్చాను. మేనేజర్‌కి ఈ 58 నిమిషాల లెక్క సోమవారం చూపిస్తాను. ఏమన్నారో వచ్చి చెప్తాను.