లినక్స్‌లో సీరియల్ పోర్టుకు కలిపిన మోడెమ్ పలకడం లేదు

ప్రశ్న:
నమస్కారం. డెబియన్ నడిచే నా డెస్క్‌టాప్‌కు పాత ఎక్స్‌టర్నల్ మోడెమ్‌ను సీరియల్ కేబుల్‌తో కలిపాను. మోడెమ్ మీద లైట్లు వెలుగుతున్నాయి. అయినా మోడెమ్‌తో మాట్లాడే ప్రోగ్రామైన మినీకామ్‌లో టీటీవైఎస్1 అనే సీరియల్ పోర్టు తెరిచి, మోడెమ్‌ను పలకరించే ఏటీ కమాండు కొడితే ఓకే అన్న జవాబు రావడం లేదు సరికదా, నేను కొట్టిన అక్షరాలు కూడా తెర మీద కనబడడం లేదు. మొదట పర్మిషన్ లేదన్న సందేశం వచ్చేది. రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా, తెరిచాక అది పోయింది. ఫోన్ లైను మీద నెట్ కలిపే పీపీపీ సెట్టింగులలో ఏమైనా తప్పు చేశానా?

సమాధానం:
పీపీపీ దాకా మీరింకా వెళ్లనే లేదండి. ఏటీకి ఓకే వచ్చేంతవరకు దాని జోలికి పోకండి. డెవ్ డైరెక్టరీలో టీటీవైఎస్0 నుంచి టీటీవైఎస్3 వరకు ఫైళ్లు కనబడినంత మాత్రాన ఆ పోర్టులన్నీ ఉన్నట్టు కాదు. సెట్‌సీరియల్ కమాండుతో ఒక్కొక్కటీ అడిగి చూడండి; యూఆర్ట్ (సీరియల్ పోర్టును నడిపే చిప్) అన్‌నోన్ అని వస్తే అక్కడ ఆ చిప్ లేదని అర్థం. డాస్‌లో కామ్1 అన్నది ఇక్కడ టీటీవైఎస్0 అవుతుంది కనుక, ఒక అంకె అటూ ఇటూ అవడం చాలామందికి జరిగేదే. రూట్‌గా పనిచేయడం మాత్రం మానేయండి. మీ యూజర్‌ను సీరియల్ పోర్టులు వాడే అనుమతి ఉన్న డయలవుట్ గ్రూపులో చేర్చి, లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అయితే చాలు.

ప్రశ్న అడిగినవారు:
మీరన్నట్టే టీటీవైఎస్1 అన్‌నోన్ అని, టీటీవైఎస్0 16550ఏ (ఒక యూఆర్ట్ చిప్ పేరు) అని వచ్చాయి. పోర్టు మార్చగానే ఓకే పలికింది. పీపీపీని నడిపే పీపీపీడీ, నంబరు డయల్ చేయించే చాట్ స్క్రిప్టులతో కనెక్షన్ కూడా కుదిరింది. అయితే పెద్ద ఫైలు పంపబోతే కాసేపటికే ఆగిపోతోంది. పోర్టు వేగం సెకనుకు 115200 బిట్లు పెట్టాను, ఫోన్ లైను మాత్రం 33600కే కలుస్తోంది. ఈ తేడా వల్లేనా?

మరొకరి సమాధానం:
తేడా ఉండవలసిందేనండి, మోడెమ్ డేటాను కుదించి పంపుతుంది కాబట్టి పోర్టు వేగం లైను కంటే ఎక్కువే ఉండాలి. కానీ మోడెమ్ బఫర్ నిండినప్పుడు కంప్యూటర్‌ను ఆగమని చెప్పేది సీటీఎస్ తీగ. ఆ తీగ మాట వినేలా పీపీపీ ఆప్షన్స్ ఫైలులో సీఆర్‌టీఎస్‌సీటీఎస్ అని వ్రాసి చూడండి. వ్రాశాక అసలేమీ కదలకపోతే కేబుల్‌లో ఆ తీగ లేనట్టే. 9 పిన్నుల వైపు 7వది 25 పిన్నుల వైపు 4వ దానికి, 8వది (సీటీఎస్) 5వ దానికి కలిసి ఉండాలి, మల్టీమీటరుతో పరీక్షించండి.

ప్రశ్న అడిగినవారు:
ఆ మాట వ్రాయగానే డయలింగే ఆగిపోయింది. 7, 4 మధ్య మీటరు మోగింది. 8, 5 మధ్య మోగలేదు. కేబుల్ మార్చాను, ఇప్పుడు ఎంత పెద్ద ఫైలైనా చివరిదాకా వెళుతోంది. ఇద్దరికీ కృతజ్ఞతలు.