టాస్క్ మేనేజర్‌లో ఒకచోట 100, మరోచోట 70: ఏ అంకెను నమ్మాలి?

స్టూడియో, హనుమకొండ
మాఘమాసం ముహూర్తాల పని నెత్తిమీద ఉంది. పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ (ఎడిటింగ్ అయ్యాక ఫైలుగా తయారుచేయడం) పెట్టగానే, కంప్యూటర్ ఏం పనిలో ఉందో చూపే టాస్క్ మేనేజర్‌లోని పెర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ (ప్రాసెసర్) వాడకం 100 శాతం దగ్గర నిలిచిపోతోంది. డీటెయిల్స్ పేజీలో మాత్రం సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ (ప్రాసెసర్ ఖాళీగా ఉన్న సమయం) ఎదురుగా 30 కనిపిస్తోంది. మరి 30 శాతం ఖాళీ, వాడకం 70యే కదా! రిపేరు షాపతను 100 చూసి ప్రాసెసర్ మార్చాలంటున్నాడు. విండోస్ 10. ఎవరికైనా ఇలా ఎదురైందా?

కాజీపేట నుంచి
డబ్బు పెట్టకండి, ముందు ఇది చూడండి. పెర్ఫార్మెన్స్ పేజీలో గ్రాఫు కింద స్పీడ్, బేస్ స్పీడ్ అని రెండు ఉంటాయి. అవి ఎంతెంత?

స్టూడియో, హనుమకొండ
బేస్ 2.80, స్పీడ్ 4.00 గిగాహెర్ట్జ్ దగ్గర ఆడుతోంది.

కాజీపేట నుంచి
అయితే లెక్క కుదిరింది. విండోస్ 8 నుంచి ఆ పేజీ కొలిచేది ప్రాసెసర్ ఎంతసేపు పనిలో ఉందన్నది కాదు, బేస్ స్పీడ్‌తో పోలిస్తే ఎంత పని జరిగిందన్నది. 4.00లో 70 శాతం అంటే సరిగ్గా 2.80, అంటే బేస్ స్పీడంత పని. అందుకే 100 చూపిస్తోంది. టర్బో (బేస్ స్పీడ్ దాటి ప్రాసెసర్ పెంచుకునే వేగం) ఇంకా పెరిగి లెక్క 100 దాటినా తెరమీద 100 దగ్గరే ఆపేస్తారు. డీటెయిల్స్ పేజీ చూపేది సమయం. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద వేగం తగ్గించుకున్నప్పుడు ఇది తిరగబడుతుంది: ప్రాసెసర్‌కు ఊపిరాడకపోయినా అంకె 50 దగ్గరే ఉండొచ్చు. నన్నడిగితే ఇదే ఎక్కువ ప్రమాదం. 2025లో విండోస్ 11 అప్‌డేట్‌తో అన్ని పేజీలకూ ఒకే కొలత పెట్టారు. చాలా ఆలస్యంగా చేసిన మంచి పని.

కాలేజీ ల్యాబ్, కరీంనగర్
లైనక్స్‌లోనూ ఈ గొడవ ఉంది. టాప్ అనే కమాండ్‌లో ఒక ప్రోగ్రాం 400 శాతం చూపిస్తే పిల్లలు కంగారుపడతారు. అక్కడ ఒక్కో కోర్‌కు (ప్రాసెసర్‌లో విడిగా పనిచేసే భాగానికి) 100 లెక్క. షిఫ్ట్ పట్టుకుని ఐ నొక్కితే మొత్తం కోర్లతో భాగించి చూపిస్తుంది. నడుస్తున్న ప్రోగ్రాములను చూపే పీఎస్ కమాండ్ ఇచ్చే శాతం ప్రోగ్రాం మొదలైనప్పటి నుంచి సగటు. రాత్రంతా ఊరకే ఉండి పొద్దున విజృంభించిన ప్రోగ్రాం అందులో అమాయకంగా కనిపిస్తుంది.

సర్వర్ పని, మంచిర్యాల
అద్దె సర్వర్లున్నవాళ్లు టాప్‌లో ఎస్‌టీ అన్న అంకెను వదలొద్దు. మన వాటా సమయాన్ని అదే యంత్రాన్ని పంచుకునే ఇతరులకు ఇచ్చేస్తే అది అక్కడ తేలుతుంది. మన ప్రోగ్రాముల అంకెలు తక్కువగానే ఉంటాయి, సైటు మాత్రం నత్తనడక. టాప్‌లో పైన కనిపించే లోడ్ యావరేజ్‌నూ (పనిలో ఉన్న, వరుసలో ఎదురుచూసే ప్రాసెస్‌ల సగటు) సీపీయూ వాడకం అనుకోవద్దు. లైనక్స్‌లో డిస్కు కోసం ఎదురుచూసే ప్రాసెస్‌లు కూడా అందులో కలుస్తాయి.

హనుమకొండ అన్నా, మీ క్లిప్పులు ఏ డిస్కులో ఉన్నాయి?

స్టూడియో, హనుమకొండ
పాత యూఎస్‌బీ హార్డ్‌డిస్కులో. ఇప్పుడే చూశాను, డిస్కు యాక్టివ్ టైమ్ (డిస్కు పనిలో ఉన్న సమయం) 100 శాతం దగ్గరుంది!

కాజీపేట నుంచి
ఆ 30 శాతం ఖాళీ అక్కడిదే కావచ్చు: డిస్కు నుంచి క్లిప్పులు వచ్చేదాకా ప్రాసెసర్ ఎదురుచూస్తోందేమో. కొన్ని క్లిప్పులు లోపలి ఎస్‌ఎస్‌డీలోకి (హార్డ్‌డిస్కు కన్నా వేగమైన డిస్కు) కాపీ చేసి, అదే ఎక్స్‌పోర్ట్ మళ్లీ పెట్టి, పట్టే సమయం గడియారంతో చూడండి.

స్టూడియో, హనుమకొండ
చేశాను. ఐడిల్ అంకె ఒంటి అంకెలోకి దిగింది, ఎక్స్‌పోర్ట్ స్పష్టంగా ముందే అయిపోయింది. ప్రాసెసర్ మార్చడం లేదు, పెద్ద ఎస్‌ఎస్‌డీ కొంటున్నాను. ఒక టెరాబైట్ సరిపోతుందా?