ఉక్కపోత ఉండే చోటికి పదిహేను రోజులు, ఒక్క క్యాబిన్ బ్యాగు: బట్టలు ఎలా సర్దుకోవాలి?

చిన్నసంచి

అందరికీ నమస్తే. వచ్చే నెలలో పదిహేను రోజుల ప్రయాణం ఉంది. వెళ్లే చోట పగటి వేడి 33 డిగ్రీలే, దానికి నాకు భయం లేదు. గాలిలో తేమ మాత్రం తెల్లవారుజామున 90 శాతం దాకా వెళ్తుందట, టెన్షన్ అంతా దాని గురించే. బ్యాగు 7 కిలోలు దాటకూడదు. రోజంతా నడక, మధ్యలో రెండు సాయంత్రాలు మాత్రం కాస్త మంచి బట్టలు వేసుకుని వెళ్లాల్సిన విందులు ఉన్నాయి.

పోయినసారి ఇలాంటి చోటికే రెండు జీన్స్, అయిదు టీషర్టులు పట్టుకెళ్లాను. మొదటి రోజు మధ్యాహ్నానికే జీన్స్ తొడలకు అతుక్కుపోయి, మెట్లెక్కుతుంటే ప్రతి మెట్టుకీ మోకాలి దగ్గర పట్టేసేది. రాత్రి ఉతికి ఆరేస్తే మూడో రోజుకి కూడా నడుము పట్టీ, జేబుల లోపలి గుడ్డ తడిగానే ఉన్నాయి, పైగా ముక్కిపోయిన వాసన. ఆ ప్రయాణంలో తీసుకున్న ఏ ఫోటోలోనూ నేను హాయిగా కనిపించను. ఈసారి అలా కాకూడదు. తేలిగ్గా ఉండాలి, చూడ్డానికీ బాగుండాలి. రెండూ కుదిరిన వాళ్లు ఉంటే మీ అనుభవం చెప్పండి.

నేతపోగు

బట్టల నేత, కుట్టు నా పని కాబట్టి గుడ్డ గురించి చెప్తాను. పొడి వేడిలో చెమట పట్టిన వెంటనే ఆవిరైపోతుంది, ఆ ఆవిరవడం వల్లే ఒళ్లు చల్లబడుతుంది. తేమ ఎక్కువున్న గాలికి ఇంకా ఆవిరి తీసుకునే చోటు తక్కువ, అందుకే చెమట ఒంటి మీదే నిలిచిపోతుంది. కాబట్టి ఎంత శాతం తేమ ఉందని కాకుండా, వాతావరణ సమాచారంలో డ్యూ పాయింట్ అని ఇస్తారు చూడండి (గాలిలోని ఆవిరి నీటి బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, డిగ్రీల్లో ఇస్తారు), అది చూసుకోండి. 20 లోపల ఉంటే ఫర్వాలేదు, 24 దాటితే నీడలో కూర్చున్నా చెమట ఆరదు.

అలాంటి చోట బట్ట చేయాల్సిన పని ఒక్కటే, ఒంటికీ గుడ్డకీ మధ్య గాలి ఆడనివ్వడం. నూలా లినెనా అని అడిగే ముందు నేత ఎంత పలచగా ఉందో, కుట్టు ఎంత వదులుగా ఉందో చూడాలి. గుడ్డని కిటికీ వెలుగుకి అడ్డం పెట్టండి, పోగుల మధ్య సన్నటి చుక్కల్లా వెలుగు కనిపించాలి. తర్వాత నోటికి దగ్గరగా పెట్టుకుని ఊదండి, అవతలి వైపు అరచేతికి గాలి తగలాలి. నూలు చొక్కాయే అయినా గట్టి నేతదైతే పాలియెస్టర్ కన్నా ఎక్కువ ఉక్కపెడుతుంది. బరువు చదరపు మీటరుకి 100 నుంచి 150 గ్రాములు ఉంటే ఇలాంటి చోటికి సరిగ్గా సరిపోతుంది. మీ జీన్స్ గుడ్డ సుమారు 400 గ్రాములు ఉండి ఉంటుంది, అది మూడు రోజులైనా ఆరలేదంటే ఆశ్చర్యమేం లేదు.

ఇంకో మాట. పోగు దానంతట అదే గాలిలోని తేమని పీల్చుకుంటుంది. మామూలు గదిలో, 65 శాతం తేమలో, నూలు తన బరువులో దాదాపు 8 శాతం, లినెన్ 12, ఉన్ని 16 దాకా పట్టుకుంటాయి. పాలియెస్టర్ అర శాతం కూడా పట్టదు. అందుకే అది తొందరగా ఆరుతుంది, అందుకే ఒంటి మీద జిడ్డుగానూ అనిపిస్తుంది. రెండూ ఒకే గుణం వల్ల వచ్చేవే.

పరుగుదారి

నేతపోగు గారు చెప్పింది నిజమే గానీ నేను పాలియెస్టర్ పక్షాన ఒక మాట చెప్పాలి. పరుగుకి వాడే చిల్లుల నేత టీషర్టులు రెండు పట్టుకుని ఇలాంటి వాతావరణంలోనే పది రోజులు తిరిగాను. రాత్రి పదకొండింటికి ఉతికితే పొద్దున్న అయిదింటికి పొడిగా చేతికొచ్చాయి. నూలు అలా ఆరదు కదా.

తెల్లచొక్కా

పరుగుదారి గారూ, వాసన సంగతి ఏంటండీ? నాకు అదే ఎదురైంది. ఉతికినప్పుడు బాగానే ఉంటుంది, ఒంటి మీద వేసుకుని అరగంట వేడెక్కగానే చంకల దగ్గర నుంచి పాత వాసన మళ్లీ లేస్తుంది. ఒంటి జిడ్డు పాలియెస్టర్‌ని పట్టుకుని వదలదు, మామూలు సబ్బుకి పోదు. పక్కన మనుషులు కూర్చునే ప్రయాణంలో నేనైతే ఆ సాహసం మళ్లీ చేయను.

పరుగుదారి

అది ఒప్పుకుంటాను. మూడో రోజు నుంచి నాకూ ఉంది. ఇప్పుడు పరుగుకి, ఈతకి మాత్రమే అవి వాడి, ఊరు తిరగడానికి 150 గ్రాముల మెరినో ఉన్ని టీషర్టు ఒకటి వాడుతున్నాను. ఉన్ని అనగానే చలి బట్ట అనుకోకండి, ఇది చాలా పలచన. రెండు రోజులు వరసగా వేసుకున్నా వాసన రాలేదు. కాకపోతే పలచటి మెరినోకి చిల్లులు తొందరగా పడతాయి, బ్యాగు పట్టీ రుద్దుకునే భుజం దగ్గర నాది ఇప్పటికే పలచబడిపోయింది.

ఏడుకిలోలు

నేను ఏళ్ల తరబడి ఏడు కిలోల లోపే తిరుగుతున్నాను, నాకు ఎక్కువ ఉపయోగపడింది రంగుల లెక్క. ముందు కింద వేసుకునేవి ఒకే రంగు కుటుంబంలో పెట్టుకోండి, నావైతే నేవీ నీలం, ఇసుక రంగు. పైన వేసుకునేవి ఏది తీసినా ఆ రెండిటి మీదకీ నప్పాలి. అప్పుడు నాలుగు పైవి, రెండు కిందవి ఉంటే ఎనిమిది జతలు వస్తాయి, పదిహేను రోజులకి అది చాలు. ఒక్క దానికే నప్పే చొక్కా ఎంత అందంగా ఉన్నా ఇంట్లో వదిలేయండి. నేను చాలాసార్లు మనసు ఒప్పక పట్టుకెళ్లాను, ఒక్కసారీ వేసుకోలేదు.

ఇంకోటి చెమట మరక. బూడిద రంగు, లేత నీలం వేసుకుంటే చంకలు, వీపు తడిసింది అందరికీ తెలుస్తుంది. తెలుపు, ముదురు నీలం, నలుపు, చిన్న చిన్న పూల అచ్చులు ఉన్నవి దాచేస్తాయి. నలుపు మాత్రం ఎండలో వేడెక్కుతుంది, ముదురు రంగులకి దోమలు కూడా ఎక్కువ వస్తాయి, కాబట్టి సాయంత్రం బయట కూర్చునే పని ఉంటే లేత అచ్చుల వైపు వెళ్లండి.

వానచినుకు

ఎవరూ చెప్పని సంగతి నేను చెప్తాను, తొడలు ఒరుసుకుపోవడం. గౌను, స్కర్టు హాయిగా ఉంటాయని అందరూ సలహా ఇస్తారు, నిజంగానే హాయి. కానీ రోజుకి పది పన్నెండు కిలోమీటర్లు నడిస్తే చెమట ఉప్పు, ఒరిపిడి కలిసి సాయంత్రానికి చర్మం ఎర్రబడి మండుతుంది. నేను ఒకసారి రెండు రోజులు గదిలోంచి కదల్లేకపోయాను. అప్పటి నుంచి గౌను కింద మోకాలి పై దాకా వచ్చే పలచటి సాగే షార్ట్స్ రెండు పెట్టుకుంటున్నాను, లేకపోతే బయలుదేరే ముందు పెట్రోలియం జెల్లీ రాసుకుంటాను. మగవాళ్లకీ ఇది వర్తిస్తుంది, సిగ్గుపడాల్సిన పనేం లేదు. లోదుస్తులు పూర్తి నూలువి వద్దు, తడిస్తే ఆరవు, అంచులు కోసేస్తాయి.

చెప్పులు కూడా. తోలు బూట్లు అలాంటి గాలిలో అలమరలో నాలుగు రోజులు వదిలేస్తే పైన తెల్లగా బూజు పట్టేసింది నాకు. పట్టీలున్న శాండల్స్ ఒక జత నడకకి, తేలికపాటి గుడ్డ బూట్లు ఒక జత. అంతకన్నా వద్దు. రెయిన్‌కోటు బదులు మడిచే గొడుగు తీసుకోండి, వెచ్చటి వానలో రెయిన్‌కోటు వేసుకుంటే బయట తడవకపోయినా లోపల చెమటకి తడుస్తాం.

తెల్లచొక్కా

విందుల గురించి చిన్నసంచి గారు అడిగారు కదా, ఎవరూ చెప్పలేదు. మగవాళ్లకి నా సలహా తెల్ల లినెన్ చొక్కా ఒకటి. నలుగుతుందని భయపడతారు. లినెన్ మడతల్లో రెండు రకాలు ఉన్నాయి. బ్యాగులో నొక్కుకుపోయి వచ్చిన గట్టి అడ్డగీతలు బాగుండవు, ఒంటి మీద పడిన మెత్తటి నలుగు బాగుంటుంది. మొదటి రకం పోవాలంటే రాత్రి చొక్కా మీద చేత్తో నీళ్లు చిలకరించి, అంచులు, కాలరు, గుండీల పట్టీ వేళ్లతో సాగదీసి హ్యాంగరుకి తగిలించండి. పొద్దునకి గీతలు పోతాయి, ఇస్త్రీ పెట్టె వెతుక్కోనక్కర్లేదు.

నలుగు అసలు నచ్చని వాళ్లకి సీర్‌సకర్ ఉంది. ఒక గీత బిగుతుగా, పక్క గీత వదులుగా నేయడం వల్ల గుడ్డంతా చిన్న చిన్న ముడతలతోనే వస్తుంది, ఆ ముడతలే గుడ్డని ఒంటికి అంటకుండా పైకి లేపి ఉంచుతాయి. పేరు కూడా పాలు, చక్కెర అనే అర్థం ఉన్న పారశీక మాట నుంచి వచ్చింది, ఒక గీత పాలలా నున్నగా, ఇంకోటి చక్కెరలా గరుకుగా ఉంటుందని. చేతితో తడిమితే ఆ పేరు ఎంత సరైనదో తెలుస్తుంది.

నేతపోగు

ఆడవాళ్ల విందు బట్టలకి విస్కోస్ (చెక్క గుజ్జు నుంచి తీసే పోగు) క్రేప్ గౌను బాగా జారుతూ ఒదుగుతుంది, చుట్ట చుట్టి పెట్టినా పెద్దగా నలగదు, గదిలో దులిపి తగిలిస్తే చాలు. ఒక్కటే జాగ్రత్త, విస్కోస్ తడిసినప్పుడు బలం దాదాపు సగానికి పడిపోతుంది, నూలేమో తడిస్తే ఇంకా గట్టిపడుతుంది. కాబట్టి విస్కోస్‌ని మెలితిప్పి పిండకండి. వెదురు గుడ్డ అని అమ్మేవి కూడా చాలామటుకు విస్కోసే. ప్రయాణంలో ఎక్కువసార్లు ఉతకాలనుకుంటే లయోసెల్ చూడండి, అదీ చెక్క గుజ్జు పోగే, అలాగే ఒదుగుతుంది, తడిలో విస్కోస్ కన్నా గట్టిది. పట్టు మాత్రం వద్దండీ, చెమట చుక్క పడిన చోట మరక నిలిచిపోతుంది.

రాత్రిదీపం

ఉతకడం, ఆరేయడం గురించి. బాత్రూములో దండెం మీద ఆరేయకండి, అది గదిలోకల్లా తేమ ఎక్కువున్న చోటు. చేత్తో పిండిన చొక్కాని పొడి తువ్వాలు మీద పరిచి, తువ్వాలుతో సహా చుట్టలా చుట్టి, ఆ చుట్ట మీద మోకాళ్లతో నిలబడి నొక్కండి. తువ్వాలు ఎంత నీళ్లు తాగుతుందో మీరే చూస్తారు. తర్వాత ఏసీ ఉన్న గదిలో, ఫ్యాను గాలి తగిలేలా, చొక్కా ముందు భాగం వెనక భాగం అంటుకోకుండా హ్యాంగరుకి వేయండి. ఏసీ గాలిలోని తేమని లాగేస్తుంది కాబట్టి బయట బాల్కనీలో కన్నా గదిలోనే తొందరగా ఆరుతుంది. బ్యాగులో పెట్టే ముందు కాలరు, చంక కుట్లు, నడుము పట్టీ బుగ్గకి ఆనించి చూడండి. చేతికి తెలియని తడి బుగ్గకి తెలుస్తుంది. అక్కడ కాస్త తడి మిగిలినా బ్యాగంతా వాసన పడుతుంది.

ఏడుకిలోలు

ఏసీ అంటే గుర్తొచ్చింది, పలచటి పొడుగు చేతుల చొక్కా ఒకటి తప్పకుండా పెట్టండి, గుండీలు తీసేసి పైన వేసుకునేది. బస్సుల్లో, హోటళ్లలో చెమట ఒంటితో కూర్చుంటే చలి పట్టేస్తుంది. అదే ఎండలో చేతులకి రక్షణ, సాయంత్రం దోమలకి అడ్డు. కాకపోతే బాగా పలచటి తెల్ల నూలు ఎండని అంతగా ఆపదు, మామూలు తెల్ల టీషర్టు యూపీఎఫ్ (గుడ్డ ఎండని ఎంత ఆపుతుందో చెప్పే కొలత) 5 నుంచి 7 మధ్యలోనే, తడిస్తే ఇంకా తక్కువ. మధ్యాహ్నం ఎక్కువ తిరిగేవాళ్లు లోపల సన్‌స్క్రీన్ మానకండి.

చిన్నసంచి

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థాంక్స్. నిన్న రాత్రి ఇంట్లో పరీక్ష పెట్టాను. అలమరలో ఉన్న ఆరు బట్టలు ఉతికి, తువ్వాలు చుట్ట పద్ధతిలో నొక్కి, పదింటికి ఫ్యాను కింద వేశాను. పొద్దున్న ఆరింటికి బుగ్గకి ఆనించి చూస్తే లినెన్ చొక్కా, లయోసెల్ గౌను, పలచటి నూలు టాపు పొడిగా ఉన్నాయి. నాకు చాలా ఇష్టమైన మందం టీషర్టు చంకల దగ్గర ఇంకా చల్లగా ఉంది, దాన్ని పక్కన పెట్టేశాను. వంటింటి త్రాసు మీద తూస్తే జీన్స్ ఒక్కటే 640 గ్రాములు, దాని బదులు తీసుకుంటున్న వదులు లినెన్ ప్యాంటు 270.

చిన్నసంచి

వెళ్లొచ్చాను. నాలుగు పైవి, రెండు ప్యాంట్లు, ఒక గౌను, పైన వేసుకునే చొక్కా, రెండు షార్ట్స్, రెండు జతల చెప్పులు. బ్యాగు 6 కిలోల 300 గ్రాములు తూగింది. రెండు విందులకీ అదే ముదురు నీలం గౌను, రెండోసారి మెడలో స్కార్ఫ్ మార్చాను, ఎవరూ గమనించలేదు, నాకు మాత్రం చాలా తృప్తిగా అనిపించింది. వానచినుకు గారూ, ఆ షార్ట్స్ సలహాకి మీకు ప్రత్యేకంగా రుణపడి ఉంటాను, ఒక్క రోజు వేసుకోకుండా వెళ్లి ఎందుకు చెప్పారో తెలుసుకున్నాను.

ఒకటి మాత్రం కుదరలేదు. లినెన్ ప్యాంటు నడుము ఎలాస్టిక్‌ది, ప్యాంటంతా ఆరినా ఆ పట్టీ రెండు సార్లు తడిగానే మిగిలింది. మళ్లీ వెళ్లేలోపు దాన్ని తాడుతో కట్టుకునేలా మార్పించుకోవాలనుకుంటున్నాను. నేతపోగు గారూ, తాడు వెళ్లే మడతని కూడా పలచటి గుడ్డతోనే కుట్టించాలా, లేకపోతే సాగిపోతుందా?

నేతపోగు

పలచటి దానితోనే, కానీ అడ్డం పోగుల వైపు కాకుండా నిలువు పోగులు నడుము చుట్టూ వచ్చేలా కత్తిరించమనండి. నిలువు పోగు అంతగా సాగదు. తాడు బయటికి వచ్చే కన్నం దగ్గర మాత్రం లోపల చిన్న ముక్క అతుకు వేయించండి, ముందు చిరిగేది అక్కడే.