సిల్వర్ క్లోరైడ్ నీటిలో ‘కరగదు’ అనడం సరైనదేనా?

స్ఫటికం: ఏది నీటిలో కరుగుతుందో, ఏది కరగదో తెలిపే పట్టికలలో సిల్వర్ క్లోరైడ్ ఎదుట ‘కరగదు’ అని ముద్రిస్తారు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో అది సుమారు 1.9 మిల్లీగ్రాములు కరుగుతుందని కొలిచి చెప్పిన శాస్త్రమే, మళ్ళీ కరగదని ఎలా రాస్తుంది? పరీక్షలో ‘అత్యల్పంగా కరుగుతుంది’ అని రాసినందుకు నాకు మార్కులు కోసేశారు.

విశ్లేషకుడు: మీ మార్కుల సంగతి ఇక్కడ అప్రస్తుతం. ఉప్పునీటిలో సిల్వర్ నైట్రేట్ ద్రావణం పోయగానే పెరుగులాంటి తెల్లని సిల్వర్ క్లోరైడ్ అవక్షేపం, అంటే ద్రావణం నుంచి విడిపోయే ఘనపదార్థం, ఏర్పడుతుంది. దానిని వడగట్టి, ఆరబెట్టి, తూచి క్లోరైడ్ ఎంతుందో లెక్కగట్టేవారికి నీటిలో మిగిలిపోయే లవలేశం లెక్కలోకి రాదు. సిల్వర్ అయాన్లు కొద్దిగా ఎక్కువగా ఉంటే అది ఇంకా తగ్గిపోతుంది కూడా.

స్ఫటికం: లెక్కలోకి రాకపోవడం వేరు, లేకపోవడం వేరు. అది సున్నా అని నిరూపించండి.

బాటసారి: సున్నా అని ఆయన ఎక్కడన్నారు?

ఔషధి: ఫార్మకోపియాలలో, అంటే మందుల ప్రమాణాలు తెలిపే గ్రంథాలలో, ఈ తగవు లేదు. ఒక భాగం కరగడానికి 10,000 భాగాలకు మించి ద్రావణి అవసరమైతే ఆ పదార్థాన్ని ‘దాదాపు కరగనిది’ అంటారు.

విశ్లేషకుడు: మొదటిసారి చదివే విద్యార్థికి అన్నీ ఎంతో కొంత కరుగుతాయని చెబితే, ఏ రెండు ద్రావణాలు కలిపితే అవక్షేపం వస్తుందో అతను ఎన్నటికీ ఊహించలేడు. మీరు మిల్లీగ్రాములు పట్టుకుని వేలాడుతున్నారు.

స్ఫటికం: నా బాధ మిల్లీగ్రాముల గురించి కాదండీ! దేనిలో కరగదో చెప్పకుండా ఆ ముద్ర వేయడం గురించి. బేరియం అయాన్లు విషపూరితమైనా, ఎక్స్‌రే కోసం రోగులు బేరియం సల్ఫేట్‌ను నిక్షేపంగా తాగుతారు, ఎందుకంటే అది నీటిలోనే కాదు, కడుపులోని ఆమ్లంలోనూ దాదాపు కరగదు. బేరియం కార్బొనేట్ కూడా అదే పట్టికలో ‘కరగదు’ అనే గడిలోనే ఉంటుంది, కానీ కడుపులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం దానిని కరిగించి ప్రాణం మీదికి తెస్తుంది.

విశ్లేషకుడు: పట్టిక తల మీద ‘నీటిలో’ అని ఉంటుంది. అది చదవకపోతే పట్టిక తప్పు కాదు.

స్ఫటికం: సరే, నీటిలోనే. కాల్షియం సల్ఫేట్ లీటరుకు సుమారు 2 గ్రాములు కరుగుతుంది. దానిని ఏ గడిలో వేస్తారు?

విశ్లేషకుడు: మీరు కలిపే ద్రావణాల గాఢత ఎంతో చెప్పండి, అప్పుడు చెబుతాను.