పంచదార తింటే ఇమ్యూనిటీ పడిపోతుందా? ఆ "5 గంటల" మెసేజ్‌ని ఆపాలా, వదిలేయాలా?

బీచ్‌రోడ్_వాకర్
వానలు మొదలైన దగ్గర్నుంచి వైజాగ్‌లో ఏ అపార్ట్‌మెంట్ గ్రూపు తెరిచినా ఇదే మెసేజ్: "ఒక్క చెంచా పంచదార తింటే తెల్ల రక్తకణాలు 5 గంటలు పనిచేయవు. జ్వరం, విరేచనాలు ఉన్నవాళ్లకి పంచదార అస్సలు ఇవ్వకండి. బెల్లం, తేనె వాడండి."
లెక్క అతిగానే ఉండొచ్చు. కానీ రోజుకి నాలుగు టీలు, టీకి రెండు చెంచాలు వేసుకుంటే అక్కడే 30 గ్రాములు దాటుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో పెట్టిన హద్దు, 2000 కేలరీలు తినే మనిషికి 50 గ్రాములు, వీలైతే 25. బిస్కెట్లు, స్వీట్లు, కూల్‌డ్రింకులు ఇంకా కలపలేదు. భయపడైనా జనం తగ్గిస్తే మంచిదే కదా? ఖండించాల్సిన పనేముంది?

మైక్రోబయాలజీ_మహారాణిపేట
ఆ 5 గంటల మాట 1973లో అమెరికాలోని లోమా లిండాలో జరిగిన ఒక చిన్న ప్రయోగం నుంచి వచ్చింది. అందులో ఇచ్చింది చెంచా కాదండీ, ఒక్కసారే 100 గ్రాములు. అంటే 20 చెంచాలు పైనే. తర్వాత రక్తం తీసి, అందులోని న్యూట్రోఫిల్స్‌ని (క్రిముల్ని మింగే ఒక రకం తెల్ల రక్తకణాలు) బ్యాక్టీరియాతో కలిపి, ఒక్కో కణం ఎన్ని మింగిందో లెక్కపెట్టారు. మింగడం తగ్గింది. ఒకటి రెండు గంటల దగ్గర బాగా తగ్గి, 5 గంటలకి కూడా పూర్తిగా కోలుకోలేదు. కణాల సంఖ్య మాత్రం తగ్గలేదు. "పనిచేయవు" అన్నది అక్కడ లేనే లేదు. ఆ మనుషులకి తర్వాత జలుబు ఎక్కువ చేసిందా, జ్వరం వచ్చిందా అన్నది ఆ ప్రయోగం చూడలేదు.
మెసేజ్ రాసినవాళ్లు దాచిన ముక్క ఇంకోటి ఉంది. అదే ప్రయోగంలో తేనె ఇచ్చినా, కమలాపండు రసం ఇచ్చినా ఇదే జరిగింది. ఆ ప్రయోగాన్ని నమ్మితే తేనె కూడా మానేయాలి. నమ్మకపోతే పంచదార మాట కూడా వదిలేయాలి. సగం నమ్ముతానంటే కుదరదు.

షుగర్_క్లినిక్_గాజువాక
మైక్రోబయాలజీ గారూ, ప్రయోగం గురించి మీరన్నది నిజమే. కానీ "చక్కెరకీ ఇన్ఫెక్షన్‌కీ సంబంధం లేదు" అని జనం అర్థం చేసుకుంటే ఇంకా పెద్ద ప్రమాదం. చూడాల్సింది నోట్లోకి వెళ్లిన చెంచాని కాదు, రక్తంలో నిలిచిపోయిన గ్లూకోజ్‌ని.
ఆరోగ్యంగా ఉన్న మనిషికి స్వీటు తిన్నాక పెరిగిన గ్లూకోజ్ రెండు మూడు గంటల్లో దిగిపోతుంది. షుగర్ అదుపులో లేనివాళ్లకి 250, 300 దగ్గర రోజులు, నెలలు అలాగే ఉంటుంది. అప్పుడు న్యూట్రోఫిల్ ఇన్ఫెక్షన్ ఉన్న చోటికి చేరడం మందగిస్తుంది, మింగడం తగ్గుతుంది, మింగిన క్రిమిని చంపే రసాయనాలు సరిగా తయారు కావు. పైగా 180 దాటితే గ్లూకోజ్ మూత్రంలోకి వచ్చేస్తుంది, ఫంగస్‌కి అదే మేత. టీబీ వచ్చే ముప్పు షుగర్ ఉన్నవాళ్లకి రెండు మూడు రెట్లు. 2021లో బ్లాక్ ఫంగస్ ఎవరి మీద పడిందో గుర్తు తెచ్చుకోండి. ఎక్కువ మంది షుగర్ అదుపులో లేనివాళ్లే, దానికి తోడు స్టెరాయిడ్లు.
ఇందులో మంచి మాట ఏంటంటే, గ్లూకోజ్ దించితే ఈ కణాల పనితీరు చాలావరకు తిరిగి వస్తుంది. ఆపరేషన్‌కి ముందు షుగర్ తగ్గించుకు రమ్మని డాక్టర్లు పట్టుబట్టేది అందుకే. కుట్లకి చీము పట్టకుండా ఉండాలని.

బీచ్‌రోడ్_వాకర్
మరి షుగర్ లేనివాడికి పంచదారతో ఏ ఇబ్బందీ లేదంటారా?

షుగర్_క్లినిక్_గాజువాక
అలా అనలేదు. దారి వేరు అంటున్నాను. పంచదారలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. ఫ్రక్టోజ్‌లో ఎక్కువ భాగాన్ని అరిగించేది కాలేయమే. అవసరానికి మించితే అక్కడే కొవ్వుగా మారుతుంది, యూరిక్ యాసిడ్ కూడా పెరుగుతుంది. ఫ్యాటీ లివర్, నడుము చుట్టూ కొవ్వు, ఇన్సులిన్‌కి లొంగని ఒళ్లు, ఆ తర్వాత షుగర్. ఇన్ఫెక్షన్ల బెడద ఆ చివర్లో మొదలవుతుంది. దీనికి ఏళ్లు పడుతుంది, 5 గంటలు కాదు.
ఇందులో తాగే తీపి మరీ చెడ్డది, ఎందుకంటే తాగిన కేలరీలకి ఆకలి తగ్గదు. 300 మి.లీ. కూల్‌డ్రింకులో దాదాపు 32 గ్రాములు. రోజుకి ఒకటి రెండు తీపి పానీయాలు తాగేవాళ్లకి, నెలకి ఒకటి కూడా తాగనివాళ్ల కంటే టైప్ 2 షుగర్ ముప్పు 26 శాతం ఎక్కువని 2010లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. బీచ్ రోడ్డులో చెరుకు రసం గ్లాసు సహజమైనదే, కానీ 250 మి.లీ.లో చక్కెర 30 గ్రాముల పైమాటే.

న్యూట్రిషన్_మధురవాడ
బెల్లం సంగతి కూడా తేల్చేద్దాం, అనకాపల్లి పక్కనే ఉండి మొహమాటపడితే ఎలా? 100 గ్రాముల బెల్లంలో 80 నుంచి 90 గ్రాములు చక్కెరే. తేనెలో 80 దాకా. బెల్లంలో ఇనుము, పొటాషియం కొంచెం ఉంటాయి నిజమే, కానీ చెంచాడు బెల్లంతో ఒంటికి పట్టే ఇనుము ఏపాటిది? "బెల్లమే కదా" అని చెంచాకి బదులు చెంచాన్నర వేసుకునేవాళ్లు పంచదార తాగేవాళ్ల కంటే ఎక్కువే తింటున్నారు. బెల్లం రుచి ఇష్టమైతే హాయిగా వాడండి, కానీ లెక్క పంచదార లెక్కే. కొనేటప్పుడు పసుపుపచ్చగా మెరిసేది కాకుండా ముదురు రంగుది తీసుకోండి, ఆ మెరుపు చాలాసార్లు హైడ్రోస్ అనే, రంగు తేల్చే రసాయనం వల్ల వస్తుంది. ఏడాది నిండని పిల్లలకి తేనె నాకించడం మాత్రం వద్దే వద్దు. అందులో ఉండే బోట్యులిజం (కండరాల్ని చచ్చుబరిచే జబ్బు) బీజాలు ఆ వయసు పేగులో మొలకెత్తుతాయి.

దంతాలు_సీతమ్మధార
ఒక్క మాట. పంటికి ఎంత తిన్నారన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. తీపి తగిలిన ప్రతిసారీ నోటిలో పీహెచ్ 5.5 కంటే దిగి (అంటే పంటిని కరిగించేంత ఆమ్లం పెరిగి), కోలుకోడానికి అరగంట పడుతుంది. చప్పరిస్తూ కూర్చునే చాక్లెట్ కంటే భోజనంతో తిన్న స్వీటు నయం.

ఫార్మసిస్ట్_కంచరపాలెం
వాకర్ గారు "ఖండించాల్సిన పనేముంది" అన్నారు. "జ్వరం, విరేచనాలు ఉన్నవాళ్లకి పంచదార అస్సలు ఇవ్వకండి" అన్న ఆ ఒక్క వాక్యం చాలండి నష్టానికి. ఓఆర్ఎస్‌లో తీపి ఉంటుందని పిల్లలకి పట్టడం మానేస్తారు. ఆ గ్లూకోజ్ రుచి కోసం వేసింది కాదు. పేగు గోడలో సోడియం, గ్లూకోజ్ జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. గ్లూకోజ్ లేకపోతే ఉప్పునీళ్లు సరిగా పట్టవు. గ్లూకోజ్ ఎక్కువైతే పేగులోకే నీరు లాగి విరేచనాలు పెంచుతుంది. అందుకే లీటరుకి 13.5 గ్రాములే. జ్యూస్ డబ్బాల్లో కొన్నింట్లో లీటరుకి 100 గ్రాముల పైనే ఉంటుంది. ఫార్ములా పాటించకుండా పేరులో ఓఆర్ఎస్ పెట్టుకోవడాన్ని ఫుడ్ సేఫ్టీ అథారిటీ 2025 అక్టోబరులో ఆపింది కూడా.
పెద్ద ప్యాకెట్ 20.5 గ్రాములు, దాన్ని సరిగ్గా లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసుకి కాస్త కాస్త కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లల రక్తంలో సోడియం పెరిగిపోతుంది. రెండేళ్ల లోపు పిల్లలకి విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ., పైవాళ్లకి 100 నుంచి 200. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు.
షుగర్ మందులు వాడేవాళ్లకి చెమటలు పట్టి, మీటర్ 70 లోపు చూపిస్తే పంచదారే మందు. మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. వోగ్లిబోస్ అనే షుగర్ మాత్ర వేసుకునేవాళ్లకి పంచదార త్వరగా అరగదు, ఆ మాత్ర దాన్ని విడగొట్టే ఎంజైమునే ఆపుతుంది. వాళ్ల ఇంట్లో గ్లూకోజ్ పొడి ఉండాల్సిందే. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకండి.

షుగర్_క్లినిక్_గాజువాక
దీనికి జోడింపు. జ్వరంలో ఏమీ తినకపోయినా షుగర్ పెరుగుతుంది, ఒంట్లో కార్టిసాల్, అడ్రినలిన్ అనే హార్మోన్లు ఎక్కువవుతాయి కాబట్టి. "అన్నం తినలేదు కదా" అని ఇన్సులిన్ పూర్తిగా మానేయొద్దు. నాలుగు గంటలకోసారి మీటర్ చూడండి. వాంతులు అవుతుంటే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు ఆపాలా అని అదే రోజు డాక్టర్ని అడగండి.

బీచ్‌రోడ్_వాకర్
భయం లేకుండా పంచదార తగ్గించేవాళ్లు తక్కువ, ఆ మాట మీద నేను ఇంకా ఉన్నాను. కానీ విరేచనాల వాక్యం, బెల్లం వాక్యం తీసేయాలి. గ్రూపులో ఇలా పెడుతున్నా: "టీకి ఒక చెంచా చాలు. కూల్‌డ్రింకు వద్దు. బెల్లం, తేనె కూడా పంచదార లెక్కే. షుగర్ ఉన్నవాళ్లు జ్వరంలో మీటర్ చూసుకోండి. విరేచనాలైతే ఓఆర్ఎస్ ఆపకండి. ప్యాకెట్ లేకపోతే లీటరుకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు."

ఫార్మసిస్ట్_కంచరపాలెం
చెంచా అంటే టీ చెంచా అని రాయండి, కొందరు కూర గరిటె తీస్తారు. గోపురంలా కాదు, పైన వేలితో సమం చేసి కొలవమనండి. ముఖ్యంగా ఉప్పు.